బోర్డు చెట్టు చాటున, స్పీడ్ గన్ మలుపు చాటున

హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగిన కారు కాసేపట్లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కేస్తుంది. ఈలోపే స్పీడ్ లిమిట్ రెండుసార్లు మారిపోతుంది. ఔటర్ మీద గంటకు 120 కిలోమీటర్లు; 2023లో వంద నుంచి పెంచారు. నగరంలో డివైడర్ ఉంటే 60, లేకపోతే 50. బ్రిడ్జికి 2020లో తెరిచినప్పుడు పెట్టింది 35. పక్కనే వెళ్తున్న బైకు లెక్క మళ్లీ వేరు: డివైడర్ ఉంటే 50, లేకపోతే 40. కాలనీలోకి తిరిగితే ఎవరికైనా 30. ఇదంతా గడగడా చెప్పగల డ్రైవర్ నాకింతవరకు తారసపడలేదు. ఈ వ్యాసానికి కూర్చునేదాకా నాకూ రాదు.

డ్రైవర్ల నిర్లక్ష్యం అనేస్తారు. నేను ఒప్పుకోను. ఈ అయోమయం సర్కారు చేతి పనే. డివైడర్ సంగతే చూడండి. అరకిలోమీటరు ఉంటుంది, పైపులైన్ కోసం తవ్వగానే మాయమవుతుంది, బదులుగా నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు వెలుస్తాయి. డ్రమ్ములు డివైడర్ కిందికి వస్తాయా? 60 కాస్తా 50 అయిందని నడిపేవాడు కల కనాలా?

మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ వేగం తగ్గించే అధికారం రాష్ట్రానికి ఇస్తూనే, తగిన చోట్ల బోర్డులు పెట్టించాలనీ చెప్పింది. 2021లో కేంద్ర నిబంధనల్లో చేరిన 167ఏ ఇంకా సూటిగా ఉంది: కెమెరాలున్న దారిలో ముందే హెచ్చరిక బోర్డు కొట్టొచ్చినట్టు కనబడాలి. మన దగ్గరేమో బోర్డు వేపకొమ్మల చాటున, స్పీడ్ గన్ ఫ్లైఓవర్ దిగే మలుపు చాటున. గన్ పెట్టడానికి దొరికిన చోటు బోర్డుకు దొరకదా?

బోర్డులుంటే మాత్రం ఆగుతారా అంటారు. 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద 40 దాటకూడని చోట వంద దాటిన కారు కిందపడి, రోడ్డు పక్కన నిలబడ్డ మహిళ ప్రాణం తీసింది. నిజమే, అది తెలియక చేసిన తప్పు కాదు. కానీ ఆ ఫ్లైఓవర్‌ను మూసేసి, వేగానికి కళ్లెం వేసే ఏర్పాట్లు చేశాకే 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. అవేవో ముందే ఉండాల్సింది.

అసలు మన సర్కార్లకు చలానా అంటే శిక్షా, వసూలా? 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. ప్రభుత్వం మారింది, 2023 డిసెంబరులో బైకులకు 80, కార్లకు 60 అన్నారు. దసరా సేల్‌లో టీవీ మీద కూడా అంత తగ్గించరు. ఎప్పటికప్పుడు కట్టేసినవాడు వెర్రివాడయ్యాడు. తమ వీధిలో ఎంత స్పీడ్‌లో వెళ్లాలో తెలియనివాళ్లకు కూడా ఆ రాయితీ సంగతి మాత్రం ఆఖరు తేదీతో సహా తెలుసు.