సర్వరుకు బూట్లు

ఆదివారం పొద్దున మా అమ్మా నేనూ నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు టప్పున గిన్నెలో పడాలి, పొట్టు వేళ్ళ మధ్య మిగలాలి. మా అమ్మవి అట్లాగే పడతాయి. నావి గోడకు తగులుతాయి. వరండాలో మా అబ్బాయి ఫోన్లో అరుస్తున్నాడు: "సర్వర్ లేవడం లేదురా! బూట్ పోయింది. నేనే చిత్తూరు పోవాలి."

వాడు తిరుపతిలో పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. చిత్తూరులో మా తమ్ముడికి మెస్ ఉంది. ఆ ఇంటి మేడ మీద ఒక కంప్యూటర్ పెట్టె పెట్టి, ఇక్కడి వీడియోలన్నిటికీ రెండో కాపీ అక్కడ దాస్తాడు. ఆ పెట్టెనే సర్వర్ అంటాడు, దాన్ని నిద్ర లేపే డ్రైవ్‌ని బూట్ అంటాడు. అమ్మకు మెస్ సంగతి తెలుసు, పెట్టె సంగతి తెలియదు. అంతే.

అవ్వ: ఎవడురా ఆ సర్వరు, ఇంత పొద్దెక్కినా లేవనోడు? మీ మామ మెస్సులో ఇడ్లీలు ఎవరు వడ్డిస్తారు?

మనవడు: మామ సర్వర్ కాదవ్వా, నా సర్వర్.

అవ్వ: నీకు సొంతంగా సర్వరెందుకు? తిన్న కంచం ఎత్తుకోలేవా?

మనవడు: మామ మేడ మీద పెట్టాను దాన్ని. మూడేళ్ళయింది.

(అమ్మ వేళ్ళ మధ్య గింజ ఆగిపోయింది.)

అవ్వ: దాన్నా?

మనవడు: దాన్నే. పాపం, రాత్రీ పగలూ నిద్ర లేకుండా పనిచేస్తుంది. నిన్న రాత్రి కరెంటు పోయొచ్చింది, పడిపోయింది. మళ్ళీ లేవలా.

అవ్వ: ఆడపిల్లని మేడ మీద పెట్టి మూడేళ్ళు చాకిరీ చేయించి, పడిపోతే ఇక్కడ కూర్చుని ఫోన్లు చేస్తా ఉండావా? ఏమే, నీకు తెలుసా ఈ సంగతి?

నన్నే అడిగింది. నేనప్పుడే చెప్పేసి ఉండాల్సింది. పొట్టు ఏరుకుంటున్నట్టు తలొంచుకున్నాను.

మనవడు: తప్పు నాదేలే అవ్వా. పిసినారితనానికి పోయి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను. అది నిమిషానికోసారి లాగులు రాసుకుంటూ ఉంటే...

అవ్వ: ఆడపిల్లకు లాగులేందిరా!

మనవడు: లాగ్స్! లోపల ఏం జరిగిందో రాసుకునేవి. రాసీ రాసీ పెన్‌డ్రైవ్ అరిగిపోయింది. అంత రాతకు ఓర్చే సరుకు కాదది.

అవ్వ: అరగదా మరి? చవక బూటు, మూడేళ్ళు. నేను అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉత్తకాళ్ళతో ఎక్కినానంటే అది మొక్కు. ఆ పిల్లకేం మొక్కు?

మనవడు: అందుకే ఈసారి పెన్‌డ్రైవ్ బదులు మంచి ఎస్ఎస్‌డీ డిస్కు పెడతా.

అవ్వ: సైజెంత?

మనవడు: (ముఖం వెలిగిపోయి) అబ్బ, అడగాల్సిందే అడిగావు! నిజానికి 16 చాలు.

అవ్వ: పదహారా! మీ తాతది ఎనిమిది. ఏనుగునేమైనా పెట్టినావా మేడ మీద?

మనవడు: అంత చిన్నవి ఇప్పుడు ఎవరమ్ముతున్నారు? 128 తీసుకుంటా. పెద్దదైతే రాత నలుమూలలా పడి మెల్లగా అరుగుతుంది.

అవ్వ: 128 అయితే అది బూటు కాదురా. కోనేట్లో వదిలితే గోవిందరాజస్వామికి తెప్ప కట్టొచ్చు.

మనవడు: ఒకటి కాదు, రెండు కొంటున్నా. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది. ఒకటి పోయినా ఇంకోదాంతో నడుస్తుంది.

అవ్వ: బూట్లు జతగా కొనాలని ఇన్నాళ్ళకు తెలిసిందా! మూడేళ్ళు ఒంటి బూటుతో నడిపించినావు, పాపిష్టోడా.

మనవడు: జతగా కాదు, రెండూ వేరువేరు కంపెనీలవి. ఒకే లాటులో తయారైనవైతే రెండూ ఒకేసారి చావొచ్చు.

అవ్వ: గుడి ముందర చెప్పులు పోయిన రోజు మీ తాత అట్లాగే వచ్చినాడు, ఎడమ కాలికొకటి, కుడి కాలికొకటి. బజారంతా నవ్వింది. నేను మాత్రం ఇంటికొచ్చినాకే నవ్వినా.

మనవడు: (వినకుండా) డబ్బు చాలకపోతే సెకండ్ హ్యాండ్‌వి చూస్తా. ఆఫీసు సర్వర్లలో వాడి తీసేసినవి. చాలావాటి లోపల కొంచెం కరెంటు దాచుకునే కెపాసిటర్లుంటాయి, కరెంటు పోయినా చేతిలో ఉన్న రాత పూర్తి చేసిగానీ ఆగవు. కొత్త చవకరకం కంటే అవే నయం.

అవ్వ: ఎవరో తొడిగి విడిచినవా!

మనవడు: ఎంత అరిగిందో లోపల శాతం చూపిస్తుంది. చూసే కొంటాం.

అవ్వ: మడమ తిప్పి చూస్తే తెలీదా? దానికి శాతాలు కావాల్నా?

మనవడు: అవ్వా! అది మనిషి కాదు! మెషీను!

అవ్వ: మీ తాత పోలిక. ఆయనా అంతే, ఇంటికొచ్చిన వాళ్ళందరితో "మా ఆడది మెషీన్ మాదిరి చేస్తుంది" అనేవాడు. ఒక్కరోజు కాళ్ళు నొప్పా అని అడగలా.

కాసేపు గింజల చప్పుడు తప్ప ఏమీ లేదు. వాడొచ్చి పీట పక్కన కింద కూర్చుని నాలుగు గింజలు పితికాడు. నాలుగూ గోడకే. నా కొడుకే మరి.

అవ్వ: ఆ పిల్ల పడిపోయినప్పుడు నీ సరుకేమైనా పోయిందా?

మనవడు: లేదవ్వా. పోయింది లేపే బూటొక్కటే. దాని పెళ్ళిళ్ళన్నీ వేరే డిస్కుల్లో భద్రంగా ఉన్నాయి.

అవ్వ: పెళ్ళిళ్ళా? ఎన్ని?

మనవడు: 112.

అవ్వ: (చాలాసేపు ఆలోచించి) అయితే బూట్లు అరగవా మరి.

ఆమె బొడ్డుసంచి విప్పి రెండు ఐదొందల నోట్లు తీసింది. నలిగి, పసుపు అంటి ఉన్నాయి. "కొత్తవే కొను. మిగిలితే మేజోళ్ళు కూడా." వాడు వద్దంటూనే జేబులో పెట్టుకున్నాడు. బయల్దేరేటప్పుడు క్యారియర్ చేతికిచ్చింది: కింద గిన్నె మామకు, పైగిన్నెలో పితికిపప్పు దానికి.

మరుసటి రోజు రాత్రి ఖాళీ క్యారియర్‌తో వచ్చాడు.

అవ్వ: లేచిందా?

మనవడు: లేచింది.

అవ్వ: తినిందా?

మనవడు: (నావైపు చూడకుండా) గిన్నె నాకింది. ఇంకొంచెం తేలేదా అని అడిగింది.

అవ్వ: బూట్లు?

మనవడు: నీ డబ్బుకు నాది కొంత కలిపి, కొత్తవే. ఇంక నేను పదే పదే చిత్తూరు బస్సెక్కే పని లేదు. వచ్చే ముందు ఒకటి పీకేసి చూశాను కూడా, రెండోదాని మీదే లేచి నిలబడింది.

అవ్వ: ఒంటికాలి మీద నిలబెట్టినావా దాన్ని! కడుపు నిండా తినిన పిల్లని!

పొట్టు చాట అందుకుంది. వాడు వరండాలోకి పరుగెత్తాడు.