పనిచేయలేదని చెప్పడం కూడా సైన్సేనండీ బాబూ

ఇప్పుడే మెయిల్ వచ్చింది. మా పరిశోధన పేపర్‌ని జర్నల్ వాళ్లు వెనక్కి కొట్టారు. సరే, అదేం కొత్త కాదు, ఈ లైన్లో ఉన్నవాళ్లందరికీ అలవాటే. ఒళ్లు మండింది అందుకు కాదు, పేపర్ బాగోగులు చూసే రెండో రివ్యూయర్ రాసిన ముక్కకి. ప్రయోగం పద్ధతిగానే చేశారట, విశ్లేషణలో తప్పేం లేదట, కానీ "ఆశించిన ఫలితం రాలేదు కనుక" చదివేవాళ్లకి ఆసక్తి ఉండదట. పైగా కొత్తదనం లేదట!

ఫలితం రాకపోవడమేంటి స్వామీ? ఫలితం వచ్చింది. అడవుల్ని కమ్మేసే విదేశీ పొద లాంటానాని పీకించాం. పక్కనే పీకని ప్లాట్లు ఉంచాం. పీకిన చోట అడవి మొక్కలు తిరిగి లేస్తాయేమో అని చూశాం. లేవలేదు. లాంటానానే మళ్లీ లేచింది, ఈసారి ఇంకాస్త గుబురుగా. నేల కదిలింది, ఎండ తగిలింది, మట్టిలో నక్కి ఉన్న విత్తనాలన్నీ పండగ చేసుకున్నాయి. పీకి వదిలేస్తే చాలదు, వెనకాలే మళ్లీ మళ్లీ వెళ్లాలి, అక్కడ ఉండాల్సిన మొక్కల్ని మనమే తేవాలి అని తెలిసింది. ఇంతకంటే ఫలితం ఏం కావాలి?

ఆస్ట్రేలియా, ఇండియా, దక్షిణాఫ్రికా కలిపి రెండు శతాబ్దాల లాంటానా పోరాటం మీద 2012లో ఒక పేపర్ వచ్చింది. పీకారు, తగలబెట్టారు, మందు కొట్టారు, దాన్ని తినే పురుగుల్ని తెచ్చి వదిలారు. అది మాత్రం పెరుగుతూనే ఉంది. పూర్తిగా తుడిచేస్తాం అనే పట్టు వదిలి, దానితో ఎలా వేగాలో చూడండి అని ఆ పేపర్ సారాంశం. ఈ క్షణాన ఎక్కడో ఒక ఆఫీసులో "లాంటానా తొలగింపు, ఇన్ని హెక్టార్లు" అని బడ్జెట్ రాస్తున్నారు. వాళ్లకి మా ప్లాట్ల సంగతి తెలియనక్కర్లేదు. ఆసక్తి ఉండదు కదా.

పనిచేసిన కథలే అచ్చవుతాయి. పనిచేయనివి సొరుగులో ఉంటాయి. పదిమంది పది చోట్ల అదే పొరపాటు చేసి, పదిమందీ సొరుగులో పెట్టుకుంటే, పదకొండోవాడు హాయిగా గ్రాంట్ తెచ్చుకుని అదే చేస్తాడు. దీన్ని మనం పరిశోధన అంటున్నాం.

గబ్బిలాల వంతెనల గురించి ఇంతకుముందు ఎప్పుడో రాశాను, మళ్లీ రాస్తాను, తిట్టుకోండి. బ్రిటన్‌లో రోడ్లు వేసినప్పుడు గబ్బిలాలు ఎగిరే చెట్ల వరుసలు తెగిపోయాయి. దానికి విరుగుడుగా రోడ్డుకి అడ్డంగా పైన వైర్లు కట్టారు. గబ్బిలం ఆ వైర్లని చూసి, ఆహా ఇదే నా పాత చెట్ల వరుస అనుకుని, లారీలకి అందనంత ఎత్తులో దాటుతుందని వీళ్ల ఊహ. బెర్తినుసెన్, ఆల్ట్రింగమ్ అనే ఇద్దరు నిజంగా వెళ్లి చూసి 2012లో రాశారు. కట్టి 9 ఏళ్లయిన వంతెనని కూడా గబ్బిలాలు పట్టించుకోవట్లేదు. పాత దారిలోనే, బళ్ల ఎత్తులోనే దాటుతున్నాయి. పాపం వాటికి పర్యావరణ నివేదిక చదవడం రాదు. ఆ పేపర్ వచ్చాక కట్టడం ఆపేశారనుకుంటున్నారా? ఆ తర్వాత వేసిన రోడ్ల మీదా కట్టారు! వంతెన కంటికి కనిపిస్తుంది. ఫొటోలో పడుతుంది. ఫైల్లో "చర్య తీసుకున్నాం" అని గడి నింపుకోవచ్చు. గబ్బిలం వచ్చిందా రాలేదా అన్న గడి ఆ ఫైల్లో లేనే లేదు.

సంరక్షణ శాస్త్రవేత్త విలియం సదర్లండ్ వాళ్లు 2004లోనే మొత్తుకున్నారు, సంరక్షణ పనుల్లో నిర్ణయాలు ఎక్కువగా అనుభవం మీద, పక్కవాడు చెప్పిన మాట మీద నడుస్తున్నాయి, పరీక్షించిన ఆధారాల మీద కాదు అని. అప్పటి నుంచి కేంబ్రిడ్జ్‌లో ఏ పని ఎక్కడ ఫలించింది, ఎక్కడ ఫలించలేదు అని ఓపిగ్గా పోగేస్తున్నారు. ఫలించనివాటిని కూడా వేసుకునే జర్నల్ ఒకటి నడుపుతున్నారు. కామెంట్లలో ఎవరో ఒకరు "అక్కడికి పంపండి" అంటారని తెలుసు. పంపుతాం. కానీ ఉద్యోగం ఇచ్చే కమిటీ ముందు కూర్చున్నప్పుడు అక్కడ వేసినదానికి ఎంత విలువిస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ స్థాయికి కొలత) ఎంత అని అడుగుతారు. అడవి మీద ఇంపాక్ట్ ఎంత అని ఎవడూ అడగడు.

ఇక ప్రతి పేపర్ చివర తగిలించే ఆ "యాజమాన్య సూచనలు" (అడవిని ఎలా చూసుకోవాలో చెప్పే సలహాలు) అనే పేరా ఉంది చూశారా, దాని మీద నాకు విడిగా ఒక కోపం ఉంది. మొదటి రివ్యూయర్ గారు అది ఇంకా పెంచమన్నారు. "ఈ ఫలితాలు విధాన నిర్ణేతలకు ఉపయోగపడతాయి" అని రాయాలి. ఏ నిర్ణేత? పేవాల్ (డబ్బు కడితేనే తెరుచుకునే గోడ) దాటి, ముప్పై పేజీలు చదివి, ఆ చివరి పేరా దగ్గరికొచ్చి కళ్లు తెరుచుకునే ఆ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ ఎవరో నాకు ఒక్కసారి చూపించండి. అందరూ చదివేలా ఓపెన్‌గా వేయాలంటే పెద్ద జర్నల్ ఒకటి 2020లో రచయితలకి ప్రకటించిన రేటు 9,500 యూరోలు. ఆ డబ్బుతో మా ప్లాట్లలో ఎన్ని సీజన్లు పని జరిగేదో లెక్కేస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. వద్దు, వదిలేయండి.

మొక్కలు నాటే మహానుభావుల దగ్గరికి వద్దాం. 2019లో ప్రపంచమంతా చెట్లు నాటితే 205 గిగాటన్నుల కార్బన్ పట్టేయొచ్చని 'సైన్స్' జర్నల్లో ఒక పేపర్ వచ్చింది. కొత్తదనం అంటే అదీ! వార్తాపత్రికలన్నీ మోతెక్కిపోయాయి. అదే సంవత్సరం పెద్ద గుంపుగా పరిశోధకులు లేచి, మీరు గడ్డిమైదానాల్ని కూడా ఖాళీ జాగా కింద లెక్కేశారు, మట్టిలో ఉన్న కార్బన్ని మరిచారు, లెక్క దాదాపు 5 రెట్లు ఎక్కువొచ్చింది అన్నారు. ఆ రెండో మాట ఎంతమందికి చేరింది? నాటే ఫొటోలకి లైకులు ఎప్పుడూ వస్తాయి, ఎండిన మొక్క ఫొటోకి ఎవరు కొడతారు?

సునామీ తర్వాత శ్రీలంకలో మడ అడవులు నాటారు. తర్వాత కొడికార బృందం 23 చోట్లకి వెళ్లి చూసింది. 9 చోట్ల ఒక్క మొక్క బతికి లేదు. వెయ్యికి పైగా హెక్టార్లలో ప్రయత్నం జరిగితే నిలిచింది 200 చిల్లర. మొక్క చెడ్డది కాదు. పెట్టిన చోటు చెడ్డది, అలల కింద మునిగిపోయే చోట పెట్టారు, సరిపడని రకం పెట్టారు, పెట్టాక మళ్లీ మొహం చూపించలేదు. ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే బాగోతం, కోట్లు పోసి. హిమాచల్‌లో దశాబ్దాల నాటకాల్ని 2021లో తూకం వేస్తే సగటున చెట్ల నీడ పెరగలేదు. నాటకాలు అన్నది అచ్చుతప్పు కాదు.

ఈ రెండో రివ్యూయర్ గారి కొత్తదనం పిచ్చితో చూస్తే, మన రంగంలో పనికొచ్చిన పేపర్లు సగం అచ్చే అయ్యేవి కావు. జర్మనీలో క్రేఫెల్డ్ ఔత్సాహికులు ఏం చేశారు? పురుగుల వలలు కట్టి, పడిన పురుగుల్ని తూకం వేశారు. 63 రక్షిత ప్రాంతాల్లో, 27 ఏళ్ల పాటు. అంతే. అదే పని, అదే వల, అదే సీసా. ఏడాదికోసారి గ్రాంట్ అడిగే చోట దాన్ని చూపించి ఉంటే తలుపు దగ్గరే ఆపేవాళ్లు. 2017లో ఆ లెక్క బయటికొచ్చి, ఎగిరే పురుగుల బరువు 76 శాతం పడిపోయిందని తేలాక ప్రపంచం నోరెళ్లబెట్టింది.

మన రాబందులు మాత్రం? 1980లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అడవి కేవలాదేవ్‌లో గూళ్లు లెక్కపెట్టిన మనిషి ఒకరు ఉన్నారు కాబట్టే, 90లలో అవి పోతున్నాయని పట్టుకోగలిగాం. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ విభు ప్రకాశ్. పాత లెక్క లేకపోతే "ఈ మధ్య తగ్గాయనుకుంటా" అని ఊరుకునేవాళ్లం. పాకిస్తాన్‌లో ఓక్స్ బృందం 2004లో కారణం పశువులకి వాడే నొప్పి మందు డైక్లోఫెనాక్, అది కళేబరాల ద్వారా రాబందుల్లోకి చేరుతోంది అని తేల్చింది, 2006లో పశువుల మందుగా నిషేధించారు. అప్పటికి తెల్లవీపు రాబందు 1992లో ఉన్నదాంట్లో వెయ్యో వంతుకి దిగింది. గూళ్లు లెక్కపెట్టడంలో ఏం కొత్తదనం ఉందండీ?

అలాగని లెక్కపెడుతూ కూర్చోమని కాదు. "మరింత పరిశోధన అవసరం" బ్యాచ్ ఒకటుంది, వాళ్లు ఈ పోస్టుకి లైక్ కొట్టకండి. ఆస్ట్రేలియాకి చెందిన క్రిస్మస్ దీవిలో చిన్న గబ్బిలం ఒకటి ఉండేది, పిపిస్ట్రెల్. తగ్గుతోందని 90ల నుంచి తెలుసు. తగ్గుతోంది, తగ్గుతోంది అని రికార్డు చేశారు. 2009 మొదట్లో కొన్ని పట్టి కాపాడదాం అని శాస్త్రవేత్తలు బతిమాలారు. అనుమతి జులైలో వచ్చింది. ఆగస్టులో వెళ్తే ఒక్కటి మిగిలింది, అది వలకి చిక్కలేదు. 2009 ఆగస్టు 26 రాత్రి దాని అరుపు చివరిసారి రికార్డయింది. గ్రాఫ్ మాత్రం చక్కగా వచ్చింది.

కేవలాదేవ్ పేరు ఎత్తాను కదా, ఇక ఆగలేను. అసలు నన్ను ఎక్కువ కాల్చేది అదే. 1982లో అక్కడ గేదెల మేతని నిషేధించారు. మేత ఆగితే పక్షులకి మంచిదని అందరికీ "తెలుసు". ఊళ్లవాళ్లు ఎదురుతిరిగితే పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. తర్వాత ఆ బాంబే సొసైటీయే ఏళ్ల తరబడి అధ్యయనం చేసి ఏం చెప్పింది? గేదెలు లేకపోవడంతో పాస్పాలం గడ్డి నీళ్లలో దట్టంగా అల్లుకుపోయి, నీటిపక్షులకే చోటు లేకుండా పోయిందని! గేదెలే ఆ గడ్డిని అదుపులో పెట్టేవి. తరతరాలుగా అక్కడ గేదెలు మేపినవాళ్లని ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే? అడగరు. వాళ్ల దగ్గర పీహెచ్‌డీ లేదు, పవర్ పాయింట్ లేదు.

మా దగ్గర మాత్రం అడిగారా? లాంటానా పీకే మొదటి రోజే మాతో వచ్చిన ట్రాకర్, అదే జంతువుల జాడ పట్టే ఆయన, అన్నాడు, "ఇట్లా పీకి పడేస్తే వానలకి మళ్లా లేస్తది సార్, గడ్డి రాదు" అని. మేం వినయంగా నవ్వి, అది హైపోథిసిస్ (ఇంకా పరీక్షించాల్సిన ఊహ) అని రాసుకున్నాం. ఆయన మాటే చివరికి ఫలితమైంది. ఈసారి ఆయన పేరు ఆథర్లలో పెట్టాం, అందుకు గర్వంగానే ఉంది. పాత ప్రాజెక్టులో మాత్రం పెట్టనివ్వలేదు. జంతువు అడుగు ఎక్కడ ఉందో చూపించింది ఆయన, కెమెరా ఏ చెట్టుకి కట్టాలో చెప్పింది ఆయన, ఏనుగు వస్తుంటే మమ్మల్ని వెనక్కి లాగింది ఆయన. ఆథర్ల జాబితాలో మాత్రం అడవిలో ఒక్కసారి కూడా అడుగు పెట్టని పెద్దాయన పేరు, చివర్లో, గౌరవ స్థానంలో. ట్రాకర్‌కి కృతజ్ఞతల్లో ఒక లైను, అందులోనూ "స్థానిక సహాయకులకు" అని, పేరు కూడా లేకుండా. గట్టిగా అడిగితే, "ఆయన రాతప్రతి చదవలేదు కదమ్మా, రూల్స్ ఒప్పుకోవు" అన్నారు.

ఆయనకి రాతప్రతి చూపించింది ఎవరు? తెలుగులో ఒక్క పేజీ రాసి చదివి వినిపించడానికి ఎవరికి తీరిక దొరికింది? కింద ఎవరో వచ్చి నాకు ఆథర్‌షిప్ రూల్స్ నేర్పుతారని తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా, చదివే మాట్లాడుతున్నాను. మెడికల్ జర్నల్ ఎడిటర్లు రాసుకున్న రూల్స్, మనవాళ్లందరూ వల్లించేవి, వాటిలోనే ఉంది. డేటా తెచ్చినవాళ్లకి రాతప్రతి చదివే, దిద్దే అవకాశం ఇవ్వాలి, ఆ అవకాశం ఇవ్వకుండా "నువ్వు చదవలేదు కాబట్టి ఆథర్‌వి కావు" అని తోసేయడానికి ఆ రూల్సుని వాడకూడదు అని. అచ్చంగా అదే ఉంది. పెద్దాయనకి ఆ పేజీ అప్పుడే పంపాను. "చూస్తాను" అన్నారు. పేపర్ అచ్చయి, అవార్డు కూడా వచ్చింది. ఇంకా చూస్తూనే ఉన్నారనుకుంటా.