జోరీగకి పాకలో మందు కొడితే సరిపోదు

పశువుల పాకలో మందు కొడితే పశువుల్ని కుట్టే ఈగలన్నీ పోతాయని ఒక వ్యాసంలో రాశారు. మన డెల్టాలో అది సగమే నిజం.

పశువుల ఈగ అచ్చం ఇంటీగలాగే ఉంటుంది, కాకపోతే మూతి సూదిలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఎక్కువగా కాళ్ల మీద కుడుతుంది. గడ్డివాము అడుగున నానిన గడ్డి, పేడ, మూత్రం కలిసి కుళ్లినచోట గుడ్లు పెడుతుంది. ఎండల్లో గుడ్డు నుంచి ఈగ కావడానికి రెండు మూడు వారాలు, అందుకే వారానికోసారి ఆ చెత్త తీసి ఎండబెడితే మందుకంటే బాగా పనిచేస్తుంది.

జోరీగ సంగతి వేరు. పెరిగేది కాలవ గట్ల బురదలో, పశువు మీద ఉండేది కాసేపే. కాటు నొప్పికి గేదె తోకతో కొడితే సగం తాగిన రక్తంతో పక్క గేదె మీద వాలుతుంది. సర్రా అనే పశువుల జ్వరం తెచ్చే రక్తంలోని క్రిమి అలాగే మూతికంటుకుని వెళ్తుంది, ఈగ ఒంట్లో పెరగదు. అందుకే జ్వరమొచ్చిన పశువుని మందకు దూరంగా కట్టాలి. జ్వరం వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి జ్వరమున్న రోజే చెవి నుంచి రక్తం తీయించండి. తగ్గాక తీస్తే పరీక్షలో దొరక్కపోవచ్చు.

సర్రా మనుషులకు రావడం బహు అరుదు, 2004లో మహారాష్ట్రలో ఒక రైతుకి వచ్చింది. ఇక్కడ మనుషులకి అసలు బెడద దోమ: మురుగు దోమతో బోదకాలు, వరిచేల దోమతో మెదడువాపు. మెదడువాపు క్రిమి పందుల్లో పెరిగి దోమకి ఎక్కుతుంది కాబట్టి, పాక పక్కనే పందుల దొడ్డి ఉంటే ముందు దాన్ని ఇళ్లకు దూరం జరపండి.