బిస్ఫినాల్ ఏ గారి పదవీ విరమణ

సీసా మీద ‘బీపీఏ ఫ్రీ’ (అంటే ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్ ఏ అనే రసాయనం ఇందులో లేదని) అన్న పచ్చ స్టిక్కర్ కనబడితే చాలు, నా ఆరోగ్యం అక్కడికక్కడే కుదుటపడుతుంది. పక్కన ఆకు బొమ్మ కూడా ఉంటే ఇక డాక్టర్‌తో పనే లేదు. (ఆ స్టిక్కర్ కూడా ప్లాస్టిక్కే అనుకోండి. శుభమా అని ఇప్పుడవన్నీ ఎందుకు?)

లోపల ఏం లేదో అంత పెద్దక్షరాల్లో చెప్పినవాళ్లకి, బదులుగా ఏం వేశారో చెప్పడానికి మాత్రం చోటు చాలలేదు పాపం. చాలాచోట్ల వేసింది బిస్ఫినాల్ ఎస్. హార్మోన్లతో ఆడుకోవడంలో అన్నకి ఏమాత్రం తీసిపోడని పరిశోధకులు తేల్చిన సొంత తమ్ముడు.

ఆ మార్పిడి జరిగిన సభని తలుచుకుంటేనే నాకు కళ్లు చెమరుస్తాయి. వేదిక మీద బిస్ఫినాల్ ఏ గారు. ‘‘పాలసీసాల్లో వీరే, డబ్బాల లోపలి పూతలో వీరే, ఆఖరికి బిల్లు కాగితం మీదా వీరే. ప్రజల్లోకి ఇంతగా చొచ్చుకుపోయిన నాయకుడు మరొకరు లేరు’’ అని ఎండీ గారు గొంతు పూడుకుపోతుండగా అంటారు. చప్పట్లు. ‘‘మరి వారి స్థానంలో?’’ అని వెనక వరసలోంచి ఎవరో. తలుపు తెరుచుకుంటుంది. అదే మొహం, అదే చొక్కా, బ్యాడ్జీ మీద ఒక్క అక్షరం తేడా. ‘‘ఈయన మీద ఇంతవరకూ ఒక్క కేసూ లేదు!’’ అంటూ లీగల్ విభాగం మొత్తం లేచి నిలబడుతుంది. పరీక్షలు పెట్టేదాకా ఎవరి మీదైనా కేసెందుకుంటుంది? రేపు ఈయనా దొరికిపోతే టెన్షన్ అక్కర్లేదు. బిస్ఫినాల్ ఎఫ్ గారు బయట బెంచీ మీద కూర్చునే ఉన్నారు.

పెద్దాయన సంగతి తెలియక జరిగిందనుకునేరు. బిస్ఫినాల్ ఏ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ 1936లోనే చూపించాడు. ఆడవాళ్ల హార్మోన్‌ని అనుకరించే పదార్థమని తెలిశాకే, 1950ల నుంచి దాంతో ప్లాస్టిక్ చేశారు, పసిపిల్లల నోటికి అందించారు. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, రోజుకి ఇంతవరకూ ఫర్వాలేదన్న పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. రెండు రెట్లు కాదండీ, ఇరవై వేలు!

ఇక జాగ్రత్తలన్నీ గర్భిణికే. ప్లాస్టిక్‌లో వేడివి పెట్టకు, అది ముట్టుకోకు, ఇది తాగకు. 2021లో ఇటలీలో గర్భిణుల మావి (ప్లాసెంటా)లోనే మైక్రోప్లాస్టిక్ దొరికిందే, ఆవిడ ఇంకెక్కడ జాగ్రత్తపడాలి? ఊపిరి మానేయాలా? మగవాళ్లు మాత్రం తప్పించుకున్నారా? 2024లో న్యూ మెక్సికో యూనివర్సిటీ వాళ్లు 23 మంది వృషణాలు పరీక్షిస్తే అన్నిటిలోనూ ప్లాస్టిక్. కుక్కల్లోనూ చూశారు, పీవీసీ అనే ప్లాస్టిక్ ఎక్కువున్నచోట వీర్యకణాలు తక్కువ. అయినా పిల్లలు పుట్టకపోతే మాట పడేది ఆవిడే.

2015 దాకా పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం. మిగతాదాన్ని నేల, నీరు, గాలి పంచుకున్నాయి. 2025 ఆగస్టులో దేశాలన్నీ ప్లాస్టిక్ కట్టడి కోసం జెనీవాలో కూర్చుని, తయారీ తగ్గించే మాట దగ్గరే తేలక ఒప్పందం లేకుండా లేచొచ్చాయి. తయారీ జోలికి రావద్దు, చెత్త సంగతి చూసుకుందాం అన్నాయి చమురు దేశాలు. చెత్త ఏరతారట! మావిలోంచి ఎవడొచ్చి ఏరతాడు?