బంతులిచ్చారు సరే, గాలి ఎవరు కొడతారు?

శనివారం ఉదయం పదింటికి సర్కారు బడి గేటు ముందు ఏసీ బస్సు ఆగుతుంది. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న ఉద్యోగులు ఓ నలభై మంది దిగుతారు. ప్రహరీకి రంగులు వేస్తారు, పిల్లలతో కాసేపు ఫుట్‌బాల్ ఆడతారు, ఎండకు తాళలేక చెట్టుకిందికి చేరతారు. కంపెనీ పేరున్న ఫ్లెక్సీ ముందు నిలబడి హెడ్మాస్టరుకు ఇరవై బంతులు అందిస్తారు. ఫొటో దిగుతారు. ఒంటిగంటకు బిర్యానీ ప్యాకెట్లు పంచి బస్సెక్కుతారు. నెల తిరక్కుండానే ఆ బంతుల్లో సగం మెత్తబడతాయి. బడిలో పంపు ఉంటుంది, దానికి సూది ఉండదు. ఆ సూది ఖరీదు ఒక టీ, రెండు సమోసాల కంటే ఎక్కువేమీ కాదు. కానీ దాన్ని కొనడానికి ఎవరి పద్దులోనూ చోటుండదు. మెత్తబడిన బంతులు బీరువా ఎక్కుతాయి, బీరువాకు తాళం పడుతుంది.

ఏ పీఈటీని (బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని) కదిలించినా ఇలాంటి కథ ఒకటి చెబుతారు. వచ్చినవాళ్ల మంచి మనసును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సెలవు పూట ఇంటిపట్టున ఉండకుండా ఎవరి పిల్లల కోసమో ఎండలో నిలబడ్డవారిని వెక్కిరించడం సులువు, అన్యాయం కూడా. మా అభ్యంతరం ఆ సాయాన్ని మలిచిన తీరుపైనే. పిల్లల ఆటకు కావలసింది రోజూ సాయంత్రం నాలుగున్నరకు మైదానంలో ఉండే ఒక మనిషి. కంపెనీలు ఇస్తున్నదేమో ఏడాదికి ఒక పూట.

డబ్బు లేక ఇలా జరుగుతోందా అంటే, కాదు. నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న ప్రతి కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ చెబుతోంది. ఇది 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఏ పనులకు ఖర్చు చేయవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడలకు, జాతీయ గుర్తింపున్న క్రీడలకు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ అని స్పష్టంగా రాసి ఉంది. దేశం మొత్తమ్మీద ఈ సీఎస్ఆర్ సొమ్ము ఇప్పుడు ఏడాదికి 30 వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో ఆటలకు దక్కేది నూటికి రెండు రూపాయల అటూఇటూగానే. ఆ కాస్తలోనూ చెప్పుకోదగ్గ మొత్తం ఇప్పటికే పతకం అంచుల్లో ఉన్నవారి శిక్షణకు పోతుంది. అదీ అవసరమే. కాకపోతే ఆ అంచుదాకా రావలసిన పిల్లలు ఇంకా బడి ఆవరణలో చెప్పుల్లేకుండా పరుగెడుతున్నారు.

చట్టం రాసినవారు ఈ ఫ్లెక్సీ జబ్బును ముందే పసిగట్టారనిపిస్తుంది. మారథాన్లు, అవార్డుల వంటి ఒక్కరోజు కార్యక్రమాలు సీఎస్ఆర్ లెక్కలోకి రావని కేంద్రం 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. తమ సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ కూడా ఈ పద్దులోకి రాదని 2021 జనవరి సవరణ తేల్చింది. ఉద్యోగులు స్వచ్ఛందంగా వెచ్చించిన గంటలకు వెలకట్టి ఖర్చులో చూపడానికి కూడా వీల్లేదు. మరోవైపు, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు ఒకే పనిని నడిపించే వీలు మాత్రం నిబంధనల్లోనే ఉంది. అంటే ఆరో తరగతిలో చేరిన పిల్లను తొమ్మిదో తరగతి దాకా ఒకే కోచ్ దగ్గర ఉంచవచ్చు. పరిపాలన ఖర్చులు 5 శాతం దాటకూడదన్న పరిమితిలోకి ఆ కోచ్ జీతం రాదు, అది పనికి అయ్యే నేరు ఖర్చే. ఇంత వెసులుబాటు ఉన్నా వాడుకునేవారు తక్కువ. మార్చి 31 దగ్గరపడేసరికి మిగిలిన సొమ్ముకు బ్యాట్లు, నెట్లు, ట్రాక్‌సూట్లు కొని పంచడం అలవాటైపోయింది. వస్తువుకు బిల్లు దొరుకుతుంది, ఫొటోలో కనిపిస్తుంది. రోజూ బస్సెక్కి మైదానానికి వచ్చే పిల్లవాడి చార్జీ ఏ ఫొటోలో కనిపిస్తుంది?

నిలకడగా ఇస్తే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామం ఉంది. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010 అక్టోబరులో అక్కడ టెన్నిస్ బడి మొదలుపెట్టింది. ప్రారంభానికి నాదల్ స్వయంగా వచ్చాడు. ఫొటోలు అప్పుడూ తీశారు. తేడా ఏమిటంటే ఫొటోల తర్వాత కూడా బడి నడిచింది, పదేళ్లు దాటినా నడిచింది. కరువు సీమ పిల్లలు బడి వదలగానే రాకెట్ పట్టుకుంటారు, ఇంగ్లిషు, కంప్యూటరు నేర్చుకుంటారు, పోషకాహారం తింటారు. వాళ్లలోంచి వింబుల్డన్ ఆడేవారు ఎందరు వచ్చారని అడగడం పొరపాటు లెక్క. అదే ప్రాంగణంలోని మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు జరిగాయి. జిల్లా కేంద్రంలో అంతటి మైదానం తయారయ్యేదాకా ఓపిక పట్టినవారు ఉండబట్టే అది సాధ్యమైంది.

హైదరాబాద్ గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ సంగతి అందరికీ తెలిసిందే. ప్రభుత్వం ఐదెకరాలు ఇచ్చింది, ఒక పారిశ్రామికవేత్త 5 కోట్ల రూపాయలు ఇచ్చారు, అదీ చాలక గోపీచంద్ సొంతిల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం ఆ కోర్టుల నుంచే ఒలింపిక్స్‌కు వెళ్లి తెచ్చుకున్నారు. ఇక్కడ ఇంకో మాట కూడా గుర్తుచేసుకోవాలి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చిన గోపీచంద్ దగ్గరికి కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటన వస్తే, తాను తాగనిదాన్ని పిల్లలను తాగమని చెప్పలేనని తిప్పిపంపారు. అప్పటికి ఆయన దగ్గర పెద్ద డబ్బేమీ లేదు.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి టీ20 విభాగంలో (మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం) ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ తర్వాత సన్మానాలు, చెక్కులు వచ్చాయి, రావలసిందే. కానీ ఆమె కాళ్లలో వేగాన్ని మొదట పసిగట్టింది బళ్లో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత చేరదీసింది కోచ్ నాగపురి రమేశ్. వాళ్లు చూడకపోయుంటే చెక్కు రాయడానికి పేరే ఉండేది కాదు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రులకు ఈ విషయం కొత్తగా చెప్పనక్కర్లేదు. వాళ్ల పిల్లలు వారాంతాల్లో ఆడే ఆటలు ఎక్కువగా సాటి తల్లిదండ్రుల చేతుల మీదుగానే నడుస్తాయి. కోచ్ ఒక పిల్లాడి నాన్న, స్కోరు రాసేది ఇంకో పిల్ల అమ్మ, చొక్కా వెనక ఊళ్లో పిజ్జా కొట్టు పేరో పళ్ల డాక్టరు పేరో ఉంటుంది. ఆ పద్ధతికి మూలం 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో ఉంది. కార్ల్ స్టాట్జ్ పిల్లల బేస్‌బాల్ జట్ల కోసం చందా అడుగుతూ ఊళ్లోని కంపెనీల గడపలు తొక్కాడు. చివరికి మూడు జట్లకు మూడు పేర్లు దొరికాయి: ఒక పాలడెయిరీ, ఒక కలప అడితి, ఒక ప్రెట్‌జెల్ తయారీదారు. అదే లిటిల్ లీగ్. 1940ల చివర్లో పెద్ద రబ్బరు కంపెనీ జాతీయ స్పాన్సరుగా వచ్చింది. 1950ల్లో ఆ కంపెనీ నుంచి వచ్చిన అధికారే లీగ్ అధ్యక్షుడయ్యాడు. వ్యవహారం చేయి దాటిపోతోందని స్టాట్జ్ కోర్టుకెక్కాడు, 1956లో తాను పుట్టించిన లీగ్‌కే దూరమయ్యాడు. లీగ్ మాత్రం ప్రపంచమంతా పాకింది. పెద్ద డబ్బు వచ్చాక ఆట పెరిగిందనీ నిజం, ఇంటాయన వీధిలో మిగిలాడనీ నిజం.

మనకు ఊరి స్పాన్సర్లు లేరని కాదు. సంక్రాంతి ముందు ఏ పల్లెకు వెళ్లినా వాలీబాల్, కబడ్డీ టోర్నమెంట్ల కరపత్రాలు కనిపిస్తాయి. మొదటి బహుమతి దాత ఒకరు, రెండో బహుమతి 'కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం' వారి కుమారులు, భోజనాల దాత ఇంకొకరు, ఫ్లడ్‌లైట్ల దాత ఎరువుల కొట్టు యజమాని. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి కప్పులు కొంటాడు. మైకు పట్టుకున్న పెద్దాయన ప్రతి పాయింటుకూ దాతల పేర్లు చదువుతూనే ఉంటాడు, ఆట మధ్యలో కాస్త విసుగు తెప్పిస్తాడు కూడా. ఎవరు ఇచ్చారో ఊరంతటికీ తెలుసు, సరిగా ఖర్చయిందో లేదో కూడా తెలుసు. ఇబ్బందల్లా ఒక్కటే. ఈ డబ్బంతా పెద్దవాళ్ల జట్లకు, బయటి ఊళ్ల నుంచి వచ్చే ఆరితేరిన ఆటగాళ్లకు పోతుంది. కనుమ మర్నాడు నెట్ విప్పేస్తారు. ఆ ఊరి పద్నాలుగేళ్ల పిల్లకు మళ్లీ సంక్రాంతి దాకా కోర్టు ఉండదు. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి టీవీలో కూత మ్యాట్ మీదే. మట్టిలో ఒట్టి కాళ్లతో ఆడి పెరిగిన పిల్లలు సెలక్షన్లకు వెళ్తే బూట్లు వేసుకుని మ్యాట్ మీద తడబడతారు. ఒక ఊరి దాతలంతా కలిసి ఒక్క ఏడాది నగదు బహుమతులు ఆపి మ్యాట్ ముక్కలు కొంటే ఎలా ఉంటుందో ఎవరైనా చేసి చూడాలి.

పేరు వేయించుకోవడం తప్పేమీ కాదు. గుడి మెట్టు మీద, బడి ఫ్యాను రెక్క మీద కూడా దాతల పేర్లు రాసుకునే జాతి మనది. కాకపోతే పిల్లల వీపు మీద ఏ పేరు వేస్తున్నామో చూసుకోవాలి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు నిషేధించింది. కొద్ది రోజుల్లోనే భారత క్రికెట్ జట్టు జెర్సీ మీద నుంచి డ్రీమ్11 పేరు పోయింది. సెప్టెంబరులో ఆసియా కప్‌ను మనవాళ్లు స్పాన్సర్ పేరు లేని చొక్కాలతోనే ఆడి గెలిచారు. బీసీసీఐకి కొత్త స్పాన్సర్ దొరకడానికి ఎన్నో రోజులు పట్టలేదు. అదే ఒక చిన్న పట్టణంలో ముప్పై మంది పిల్లలున్న శిక్షణ కేంద్రానికి ఉన్న ఒక్క స్పాన్సరూ రాత్రికి రాత్రే పోతే మర్నాడు షటిల్ కాక్‌లు ఎవరు కొంటారు? ఒకే పెద్ద చేయి కంటే పది చిన్న చేతులు నయమని మేమనేది అందుకే. కూల్‌డ్రింకులు, చిప్స్, మద్యం బ్రాండ్ల మారుపేర్లను పిల్లల టోర్నమెంట్ల దరిదాపులకు రానివ్వకూడదని ప్రభుత్వాలు ఒక నిబంధన పెడితే ఏ ఆటా ఆగిపోదు.

ఇక స్వచ్ఛంద సేవ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కబడ్డీ నేర్పడం రాకపోవచ్చు, రానక్కర్లేదు కూడా. పల్లె పిల్లలు పోటీల దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చేది చాలాసార్లు ఆట రాక కాదు, కాగితాలు లేక. జనన ధ్రువపత్రంలో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ. ఆన్‌లైన్ ఫారం ఇంగ్లిషులో ఉంటుంది, గడువు రేపటితో ముగుస్తుంది. పీఈటీ ఒక్కడే నలభై మంది పిల్లల కాగితాలు సర్దుతూ టెన్షన్ పడుతుంటాడు. ఇక్కడ నెలకు రెండు సాయంత్రాలు కూర్చునే మనిషి దొరికితే నలభై మంది గోడకు రంగు వేసినదానికంటే ఎక్కువ ఉపకారం. స్కోరు రాయడం, దెబ్బ తగిలితే మొదట ఏం చేయాలో తెలిసి ఉండటం, అమ్మాయిల జట్టుతో పొరుగూరికి తోడు వెళ్లడం, లెక్కలు చూడటం, ఇవన్నీ ఆట రాకపోయినా చేయవచ్చు. ఒక కంపెనీ ఒక మైదానాన్ని ఎంచుకుని, అవే పది మొహాలను ఏడాది పొడవునా పంపితే చాలు. పిల్లలు పేరు పెట్టి పిలిచేంత దాకా రావాలి.

అలా రోజూ వచ్చేవారి విషయంలో ఒక జాగ్రత్త తప్పదు. మంచిగా మాట్లాడే ప్రతి అంకుల్‌నూ నమ్మి పిల్లలను అప్పగించే అలవాటు మనకు ఉంది. అమెరికాలో లిటిల్ లీగ్ వంటి సంస్థలు నేపథ్యం పరిశీలించనిదే వాలంటీరును పిల్లల దగ్గరికి రానివ్వవు. మన దగ్గర పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, పిల్లలతో మెలిగే సిబ్బందికి పోలీసు పరిశీలన జరగాలని దాని 2020 నిబంధనలూ చెబుతున్నాయి. పిల్లల దగ్గరికి వచ్చే కోచ్, వాలంటీరు ఎవరైనా పోలీసు పరిశీలన పూర్తయ్యాకే రావాలి. ఏ పెద్దవారూ పిల్లలతో ఒంటరిగా ఉండరాదు, ప్రయాణాల్లో అమ్మాయిల జట్టుకు మహిళ తోడుండాలి. డబ్బిచ్చే కంపెనీలే ఈ షరతులు పెడితే క్రీడా సంఘాలు కిక్కురుమనకుండా పాటిస్తాయి. చెక్కు మీద సంతకం పెట్టే చేతికి ఆ మాత్రం బలం ఉంటుంది.

దాత డబ్బుతో వచ్చే ఇంకో చిక్కు సెలక్షన్. స్పాన్సర్ కొడుకు జట్టులో ఉంటాడు, వాడి కంటే బాగా బౌలింగ్ చేసే ఆటో డ్రైవర్ కొడుకు డ్రింక్స్ మోస్తాడు. ఇది చెప్పుకోని రహస్యం. డబ్బిచ్చేవారికీ జట్టును ఎంచేవారికీ మధ్య గోడ ఉండాలని ఒప్పందంలోనే రాసుకోవాలి.

ఇదంతా జరగాలన్నా ముందు ఆడుకోవడానికి నేల ఉండాలి. ఊళ్లలో ఉన్న ఖాళీ జాగాలు ప్లాట్లు అయ్యాయి. మిగిలినవి బడి మైదానాలు. వాటిలో సభలు పెడతారు, ఎగ్జిబిషన్లు పెడతారు, పెళ్లిళ్లప్పుడు కార్లు ఆపుతారు, సాయంత్రం పిల్లలు వస్తే మాత్రం గేటుకు తాళం. బంతి పోతుందనో, కిటికీ పగులుతుందనో హెడ్మాస్టరు భయం, పగిలితే ఆయనే సమాధానం చెప్పుకోవాలి కనుక. పెద్ద పోటీలు పెట్టడంలో ప్రభుత్వాలు వెనకబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా గ్రామ, వార్డు సచివాలయ స్థాయి నుంచి 'ఆడుదాం ఆంధ్రా' జరిపారు, తెలంగాణలో సీఎం కప్ జరిపారు. పోటీ ముగిశాక ఆ పిల్లలు ఎక్కడ సాధన చేయాలన్నదానికి మాత్రం రెండు చోట్లా సమాధానం బలహీనమే.

జూన్‌లో బడులు తెరిచేలోగా రెండు ప్రభుత్వాలూ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడింటి దాకా బడి మైదానం పిల్లలదే. గేటు తాళంచెవి ఒకటి పీఈటీ దగ్గర, ఇంకొకటి ఆ మైదానాన్ని చూసుకునే సంస్థ దగ్గర ఉండాలి. కిటికీ అద్దం పగిలితే ఖర్చు ఆ సంస్థదే, హెడ్మాస్టరుకు మెమో రాకూడదు. ఆ బీరువా తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే ఉంచితే, సూది వాళ్లే కొనుక్కుంటారు.