ఆల్ఫా 0.7 దాటితే ప్రశ్నావళి పాసైపోయినట్టేనా?

“ఆల్ఫా 0.7 దాటింది. తెలుగులోకి అనువదించి, మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి సరిచూశాం. అంతర్జాతీయ ప్రశ్నావళే కదా, ఎవరికైనా వాడొచ్చు.” థీసిస్ రాసే మెడికల్ పీజీల మధ్య బాగా తిరిగే మాట ఇది. అనారోగ్యం మనిషి పనిని ఎంత దెబ్బతీస్తోందో కొలిచే ప్రశ్నావళులకు ఈ మాట అసలు చెల్లదు. ఏ చికిత్స పనిచేసిందో, ఎవరికి తేలికపాటి పని ఇవ్వాలో ఆ స్కోర్లు చూసే చెబుతారు మరి.

ముందు ఆల్ఫా సంగతి. లీ క్రోన్‌బాక్ 1951 వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన ఈ అంకె, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెబుతుంది, అంతే. కొలవాల్సినదాన్నే కొలుస్తున్నామా అన్నది దాని పని కాదు. పైగా ప్రశ్నలు పెంచితే అదీ పెరుగుతుంది. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (కోరిలేషన్) 0.2 మాత్రమే ఉన్నా, 10 ప్రశ్నలకు ఆల్ఫా 0.71 వస్తుంది, 25 ప్రశ్నలకు 0.86.

జబ్బు వల్ల పనిలో వచ్చే ఇబ్బందిని కొలవడానికి డెబ్రా లెర్నర్ బృందం 2001లో ప్రచురించిన వర్క్ లిమిటేషన్స్ క్వశ్చనేర్‌నే తీసుకోండి. 25 ప్రశ్నలు, నాలుగు విభాగాలు. మూడు విభాగాలు “ఎంతసేపు ఇబ్బంది పడ్డారు” అని అడుగుతాయి. శారీరక శ్రమ విభాగం మాత్రం తిరగేసి, “ఇబ్బంది లేకుండా ఎంతసేపు చేయగలిగారు” అంటుంది. ఆ తేడా గమనించనివాళ్లు ఆరు ప్రశ్నలకూ పాత అలవాటునే “ఎప్పుడూ లేదు” అని టిక్కులు పెట్టుకుంటూ పోతారు. నిక్షేపంగా బస్తాలు మోసేవాడు కాగితం మీద నడుము పట్టేసినవాడైపోతాడు. అయినా ఆల్ఫా తగ్గదు, ఒక్కొక్కరి ఆరు జవాబులూ ఒకే వైపు ఉన్నాయి కాబట్టి.

తిప్పి అనువదించినా ఇది దొరకదు, వాక్యంలో తప్పేమీ లేదు కనుక. ప్రశ్నావళుల అనువాదానికి 2000లో డోర్కస్ బీటన్ బృందం ఇచ్చిన మార్గదర్శకాల్లో తిప్పి అనువదించడం ఒక మెట్టు మాత్రమే. ఆ తర్వాత 30-40 మందికి ఇచ్చి, ఒక్కో ప్రశ్న ఏమని అర్థమైందో అడగమన్నారు. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది దాన్నే.

ఇక “ఎవరికైనా వాడొచ్చు” అన్న మాట. 1993లో వచ్చిన డబ్ల్యూపీఏఐ (వర్క్ ప్రొడక్టివిటీ అండ్ యాక్టివిటీ ఇంపెయిర్‌మెంట్) అనే ప్రశ్నావళిలో ఆరే ప్రశ్నలు, గత ఏడు రోజుల గురించి. వారంలో 40 గంటల ఉద్యోగి అనారోగ్యంతో 10 గంటలు మానేసి, మిగతా 30 గంటల్లో జబ్బు పనిని ఎంత దెబ్బతీసిందన్న ప్రశ్నకు పదికి 4 వేస్తే, మొత్తం నష్టం 55 శాతం (మానేసినందుకు 25, మిగతా 75లో పదికి 4 వంతులు అంటే 30). ఆఫీసు ఉద్యోగికి ఈ లెక్క బాగానే నప్పుతుంది. కానీ నిజామాబాద్ వైపు ఇంట్లో బీడీలు చుట్టే మహిళకు కూలి గంటలకు కాదు, వెయ్యి బీడీలకు. మెడ నొప్పి పుడితే ఆమె పని మానదు, అదే వెయ్యి కోసం ఇంకాసేపు కూర్చుంటుంది. మానేసిన గంటలు సున్నా, చేసిన గంటలు ఎక్కువ. ఆమె నష్టమంతా ఇక ఆ ఒక్క పది మార్కుల ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

ఒక్కసారి పంచి సేకరించిన జవాబులతో, చికిత్స తర్వాతి మార్పును ప్రశ్నావళి పట్టగలదని కూడా చెప్పలేం. దానికి అదే మనుషుల్ని చికిత్సకు ముందూ తర్వాతా అడగాలి. ఎవరి స్కోరు ఎటు కదలాలో ముందే రాసిపెట్టుకోవాలి. జబ్బు ముదిరి పూర్తిగా పని మానేసినవాళ్లు “పనిలో ఇబ్బంది” ప్రశ్నలకు జవాబే ఇవ్వలేరు. వాళ్లను విడిగా లెక్కించకపోతే, అందరికంటే ఎక్కువ నష్టపోయినవాళ్లు సగటులోంచే జారిపోతారు.