"చెడు రక్తం పోనివ్వండి" అనే మెసేజ్‌ను దయచేసి ఇంకెవరికీ పంపకండి

ఈ నెలలో ఈ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. "సుఖప్రసవానికి ప్రకృతి చెప్పిన తొమ్మిది రహస్యాలు" అని పైన పెద్ద అక్షరాలు. "కనీసం పది మందికి పంపి ఒక తల్లిని కాపాడండి" అని కింద ఒక వేడుకోలు. పంపినవాళ్లంతా నాకు తెలిసినవాళ్లే, మంచివాళ్లే. మొదటి ఐదుసార్లు చూసి వదిలేశాను. ఆరోసారి పంపింది మా చెల్లెలి స్నేహితురాలు, ఇప్పుడు ఏడో నెల. "ఇందులో ఆరో పాయింట్ నిజమేనా అక్కా?" అని అడిగింది. ఇక ఊరుకోలేకపోయాను. నేను పన్నెండేళ్లు లేబర్ రూములో నర్సుగా పనిచేశాను. ఆరో పాయింట్ దగ్గర చాలాసేపు ఆగుతాను. మిగతావాటిలో కొన్నింటికి ఒక్క వాక్యం చాలు.

మొదటి పాయింట్: "మన అమ్మమ్మలు ఇంట్లోనే పదేసి మందిని కన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు."

ఎవరికీ ఏమీ కాలేదని చెబుతున్నది ఎవరు? పది కాన్పులు దాటి బతికినావిడ మనవలు, మనవరాళ్లు. రెండో కాన్పులో పోయినావిడ గురించి చెప్పుకోవడానికి అంత మంది మిగలరు. 1900 ప్రాంతంలో అమెరికాలో ప్రతి వెయ్యి కాన్పులకు ఆరు నుంచి తొమ్మిది మంది తల్లులు చనిపోయేవారు. "అప్పుడు రోగాలు ఎక్కువ, తిండి తక్కువ, అందుకే" అంటారేమో. అదే దేశంలో ఇండియానా రాష్ట్రంలో ఒక మత సమూహం వైద్యం వద్దని ఇళ్లలోనే కాన్పులు చేసుకునేది. వాళ్లకు తిండికి లోటు లేదు. 1975 నుంచి 1982 వరకు వాళ్ల లెక్క తీస్తే 344 జననాలకు ముగ్గురు తల్లులు పోయారు. అంటే లక్షకు 872. ఆ రాష్ట్రం మొత్తంలో అప్పుడు లక్షకు సుమారు 9. చిన్న సమూహమే, ఒప్పుకుంటాను. కానీ ఆ 872ని 1900 నాటి లెక్క (లక్షకు 600 నుంచి 900) పక్కన పెట్టి చూడండి. వైద్యాన్ని పక్కన పెట్టగానే డెబ్బై ఐదేళ్లు వెనక్కి వెళ్లిపోయారు.

రెండో పాయింట్‌కి నాకు కోపం వచ్చింది. "అడవుల్లో, కొండల్లో ఉండే ఆడవాళ్లకు ఆస్పత్రులతో పనిలేదు, వాళ్లవి సహజ కాన్పులు" అట. 2023లో ప్రపంచమంతా కలిపి సుమారు 2 లక్షల 60 వేల మంది గర్భం వల్లో, కాన్పు వల్లో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా పేద దేశాల ఆడవాళ్లే. వాళ్లు ఆస్పత్రికి రాకపోవడం పని లేక కాదు. వెళ్దామని ఇంట్లో తేల్చుకునేసరికి ఒక ఆలస్యం, బండి దొరికి చేరేసరికి ఇంకో ఆలస్యం, చేరాక డాక్టరో, రక్తమో అందేసరికి మూడో ఆలస్యం. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ "మూడు ఆలస్యాల" గురించి రాశారు. ఇప్పటికీ తల్లుల చావుల గురించి విచారిస్తే చాలావాటిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి బయటపడుతుంది. 2021 నాటి ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం ప్రపంచంలో కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు 9 లక్షల మంది కొరత ఉంది. దారి లేనివాళ్ల నిస్సహాయతను "రహస్యం" అని పేరు పెట్టి ఫార్వర్డ్ చేయడానికి మనసెలా ఒప్పుతుంది?

మూడు, నాలుగు: పౌర్ణమికి నొప్పులు రావడం, పొట్ట ఆకారాన్ని బట్టి కాన్పు రోజు చెప్పడం. రెండూ నిజం కాదు. ముందుకు వెళ్దాం.

ఐదు: "కాళ్ల వాపు, తలనొప్పి సహజం, బీపీ చూపించుకుని టెన్షన్ పడొద్దు." కాళ్ల వాపు చాలామందికి మామూలే. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి మాత్రం మామూలు కాదు. బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్తే తల్లీ, బిడ్డా ఇద్దరూ పోవచ్చు. బీపీ చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. మెగ్నీషియం సల్ఫేట్ అనే పాత, చవక మందు ఇస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 2002లో దాదాపు పది వేల మంది గర్భిణుల మీద జరిగిన పరీక్షలో తేలింది. బీపీ చూస్తేనే కదా ఆ మందు ఎవరికి ఇవ్వాలో తెలిసేది.

ఇక ఆరో పాయింట్. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "కాన్పు తర్వాత పోయేది తొమ్మిది నెలలుగా పేరుకున్న చెడు రక్తం. అది ఎంత పోతే ఒళ్లు అంత శుభ్రం. ఆపకూడదు."

నిమిషం కిందటి వరకు అదే రక్తం బిడ్డకు ప్రాణవాయువు మోసింది. బిడ్డ బయటికి రాగానే చెడిపోయిందా? తొమ్మిది నెలలు పేరుకున్న రక్తం ఎక్కడ పేరుకుంది? ఒంట్లో తిరిగే రక్తం ఒకటే. చేతి నుంచి పోయినా, గర్భసంచి నుంచి పోయినా అదే రక్తం.

లోపల జరిగేది ఇది. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిన చోట రక్తనాళాల మూతులు తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుని ఆ నాళాలను నొక్కేస్తేనే రక్తం ఆగుతుంది. కండరం మెత్తగా ఉండిపోతే కుళాయి విప్పి వదిలేసినట్టే. రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. ఏటా పదుల వేల మంది ఇలా పోతున్నారు.

ఈ నమ్మకం ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. కాన్పు తర్వాత కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా రక్తం పోతుంది, రోజురోజుకీ తగ్గుతుంది, రంగు మారుతుంది. అది లోపలి పొర ఊడి పోవడం. దాన్ని ఎవరూ ఆపరు. కానీ గంటలోనే ప్యాడ్ నిండా తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడటం, బాలింతకు కళ్లు తిరగడం వేరు. ఈ రెండింటికీ తేడా చెప్పకుండా "ఆపకూడదు" అని రాసినవారికి ఆ మాట విని ఎవరో ఒక గంట ఆగుతారని తోచలేదా? ఆ గంటే కదా అసలు ఉన్న సమయం!

ఇంకో సంగతి. గర్భిణి ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. అందుకే చాలా రక్తం పోయాక కూడా మాట్లాడుతూనే ఉంటుంది, బీపీ కూడా కాసేపు నిలబడుతుంది. తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. "బాగానే మాట్లాడుతోందిగా" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో. రక్తహీనత ఉన్నవాళ్లకైతే ఆ కాస్త వ్యవధి కూడా ఉండదు. ప్రపంచంలో గర్భిణుల్లో నూటికి 37 మందికి రక్తహీనత ఉందని 2019 లెక్క. 

రోజూ కాన్పులు చేసేవాళ్లమైనా కళ్లతో చూసి పోయిన రక్తాన్ని తక్కువగానే అంచనా వేస్తాం. తడిసిన గుడ్డలు చూసి "పర్లేదు" అనుకున్న సందర్భాలు నాకూ ఉన్నాయి. ఈ-మోటివ్ అనే పరీక్షలో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆస్పత్రుల్లో 2 లక్షలకు పైగా కాన్పులను గమనించారు. ఫలితాలు 2023లో వచ్చాయి. మామూలు పద్ధతి నడిచిన చోట దాదాపు సగం కేసుల్లో అధిక రక్తస్రావాన్ని గుర్తించనేలేదు. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచీ తల్లి కింద పరిచి, రక్తం గీత దాటగానే పొట్ట మీద మర్దన, మందులు, సెలైన్, కారణం వెతకడం అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయి. పెద్ద యంత్రాలేమీ లేవు. గీతలున్న ఒక సంచీ, వెంటనే కదిలే మనుషులు, అంతే.

ఆ మందుల్లో ఒకటి ట్రానెగ్జామిక్ యాసిడ్, గడ్డకట్టిన రక్తం మళ్లీ కరిగిపోకుండా చూసేది. దీన్ని 1962లో జపాన్‌కు చెందిన ఉటాకో ఒకామోటో, ఆమె భర్త వెలుగులోకి తెచ్చారు. బాలింతల రక్తస్రావానికి వాడి చూడాలని ఆమె కోరిక. అప్పట్లో కాన్పు డాక్టర్లు ముందుకు రాలేదు. 2017లో 20 వేల మంది తల్లుల మీద జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది: మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావం వల్ల చావులు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఒకామోటో అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. ఆ మందు ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ పది శాతం చొప్పున బలం కోల్పోతుంది. ఆ పదిహేను నిమిషాలు "చెడు రక్తం పోనివ్వండి" అని కూర్చోమంటోంది ఈ మెసేజ్.

ఏడు: "కాన్పు కాగానే ఇచ్చే ఇంజెక్షన్ వల్ల తర్వాతి కాన్పులు కష్టమవుతాయి." కావు. అందులో ఉండేది గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, అది మన ఒంట్లో తయారయ్యేదే. 1953లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డు వీన్యోకి 1955లో నోబెల్ ఇచ్చారు. ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది సేపటికే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. అసలు భయపడాల్సింది ఇదే మందును బిడ్డ పుట్టకముందు, నొప్పులు త్వరగా రావాలని ఇంట్లో ఎవరితోనో వేయించుకోవడానికి. గర్భసంచి పగిలిపోవచ్చు. మెసేజ్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఆక్సిటోసిన్‌ను చల్లగా ఉంచాలి, కరెంటు సరిగా లేని చోట అది పెద్ద చిక్కు. అందుకే ఇదే పని చేసే, వేడికి చెడని కార్బెటోసిన్, మాత్రగా దొరికే మిసోప్రోస్టాల్ అలాంటి చోట్లకు చేరాలని ఇంతమంది పోరాడుతున్నారు.

ఎనిమిది: "ఆస్పత్రికి వెళ్తే డబ్బు కోసం కోసేస్తారు." దీన్ని నేను కొట్టిపారేయలేను. ప్రపంచంలో ఐదింట ఒక కాన్పు సిజేరియన్ అని 2021 లెక్క. లాటిన్ అమెరికాలో నూటికి 43, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో 5. ఒకచోట అక్కర్లేనివాళ్లకు కోస్తున్నారు, ఇంకోచోట కోయకపోతే బతకనివాళ్లకు ఆపరేషన్ థియేటరే లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. లేబర్ రూములో తిట్లు ఉంటాయి. నొప్పులతో అరుస్తున్న ఒక అమ్మాయి మీద నేనూ గట్టిగా అరిచాను. ఆమె తర్వాతి కాన్పుకి ఆస్పత్రికి రాలేదని తెలిసింది. మొదటి ఆలస్యంలో మా వాటా అది. పక్కన తనకు నచ్చిన మనిషి ఉండటం, తనకు వీలైన భంగిమలో కనడం తల్లి హక్కుగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఇవి అడగండి, గట్టిగా అడగండి.

తొమ్మిది: "బొడ్డుతాడు వెంటనే కోయొద్దు, ఇంజెక్షన్ల హడావుడి వద్దు." మొదటి సగం నిజం, నేను చదువుకున్న రోజుల్లో మాకు నేర్పినదే తప్పు. బిడ్డ పుట్టగానే తాడు బిగించి కోసేసేవాళ్లం. బిడ్డ ఏడుస్తూ బాగుంటే ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది, ఐరన్ నిల్వ పెరుగుతుంది. కానీ దీనికీ ఇంజెక్షన్‌కీ పోటీ ఏముంది? బిడ్డను తల్లి పొట్ట మీద పడుకోబెట్టి, తాడు కొట్టుకోవడం ఆగేదాకా చూస్తూ, ఆ మొదటి నిమిషంలోనే తల్లి తొడకు ఆక్సిటోసిన్ వేస్తాం. ఒక నర్సు చేయి తాడు మీద ఉంటుంది, ఇంకో నర్సు చేతిలో సిరంజి ఉంటుంది.